సంకల్పం నుంచి పెంజీకటి అవతలి దాకా: విశ్వదర్శనాలను చదివే పద్ధతి

ప్రొద్దుటూరులో మా ఇంటి వినాయక చవితికి చాలా ఏళ్లపాటు ఒక పాత పూజా పుస్తకమే ఆధారంగా ఉండేది. అందులోని సంకల్పాన్ని ఉన్నది ఉన్నట్టుగా చదివేవాడిని: శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే. ఒక ఏడాది పూజకు వచ్చిన మా మేనమామ అక్షతలు చేతిలో పట్టుకునే, "ఏమబ్బీ, మనముండేది శ్రీశైలానికి దక్షిణాన గదా, పెన్న ఒడ్డున కూచోని గోదావరి పేరు చెప్తావేమి?" అని అడిగాడు. పుస్తకం కోస్తా జిల్లాల వారి కోసం అచ్చయినదని అప్పుడు గాని నాకు తట్టలేదు. కడప, ప్రొద్దుటూరు వారు దక్షిణ ప్రదేశే అని, అనంతపురం వారు నైరుతి ప్రదేశే అని, కర్నూలు వారు పశ్చిమ ప్రదేశే అని, నదుల చోట కృష్ణా కావేర్యోర్మధ్యదేశే అని చదువుకోవాలి. దిక్కును సరిచేసుకున్న తరువాత మిగిలిన వాక్యం మీద నా దృష్టి నిలిచింది. బ్రహ్మ ఆయుర్దాయంలో ఎన్నవ భాగం నడుస్తున్నదో మొదట చెప్పి, అక్కడి నుంచి కల్పానికి, మన్వంతరానికి, యుగానికి, ద్వీపానికి, ఖండానికి, కొండకు, నదికి దిగుతూ, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం దాటి, చివరకు గోత్రానికీ పేరుకూ వచ్చి ఆగే ఆ వాక్యం నిజానికి ఒక చిరునామా. ఉత్తరం మీద మనం పేరు ముందు రాసి ఊరు, జిల్లా తరువాత రాస్తాము. సంకల్పం ఆ క్రమాన్ని తిరగవేసి, విశ్వంతో మొదలుపెట్టి మనిషి దగ్గర ముగిస్తుంది.

మతాలు, దర్శనాలు విశ్వాన్ని గురించీ, అందులో మనిషి స్థానాన్ని గురించీ ఏమన్నాయో చదవాలనుకునే వారికి నేను చెప్పే పద్ధతి ఆ చిరునామా అనే ఊహ మీదనే ఆధారపడి ఉంది. ప్రతి దర్శనమూ మనిషికి ఒక చిరునామా రాసి ఇస్తుంది. దాన్ని చదివేటప్పుడు విశ్వం ఎంత పెద్దదని చెప్పిందో చూడడం కంటే, ఆ చిరునామాలో ఉన్న మనిషి ఏ పని మీద అక్కడ ఉన్నాడని చెప్పిందో చూడడం ముఖ్యం. మా మిద్దె మీద కొందరు మిత్రులం నెలకొకసారి కూర్చుని ఈ పద్ధతిలో చదువుతూ, అనేక తప్పులు చేసి, వాటిని దిద్దుకుంటూ వచ్చాము. ఈ కింది సూచనలలో సగం ఆ తప్పుల నుంచి వచ్చినవే.

మొదట మీ ఇంటి లెక్క

ఒక నోటుపుస్తకం తీసుకుని, మొదటి పేజీలో మీ ఇంటి సంప్రదాయం మీకు ఇచ్చిన చిరునామాను రాయండి. హిందువుల ఇళ్లలో సంకల్పం సిద్ధంగానే ఉంటుంది. ముస్లింల ఇళ్లలో రోజూ చదివే ఖురాన్ మొదటి అధ్యాయమైన ఫాతిహా సూరా తొలి వాక్యాలలోనే అల్లాహ్‌ను రబ్బిల్ ఆలమీన్, అనగా సమస్త లోకాల ప్రభువు అని పిలవడం ఉంది; లోకాలు అన్న బహువచనాన్ని గమనించి రాసుకోవాలి. క్రైస్తవుల ఇళ్లలో ఆదికాండం మొదటి అధ్యాయాన్నీ, ఎనిమిదవ కీర్తననూ పక్కపక్కన పెట్టుకోవచ్చు. ఏ మతమూ పాటించని వారు తాము బడిలో నేర్చుకున్న సౌరకుటుంబాన్నీ, పాలపుంతనూ రాసుకుంటే సరిపోతుంది. అదీ ఒక చిరునామానే.

సంకల్పాన్ని ఎంచుకున్నవారు అంకెలను తప్పక చేతితో కట్టి చూడాలి. కలియుగం 4,32,000 సంవత్సరాలు. ద్వాపరం దానికి రెండింతలు, త్రేత మూడింతలు, కృతం నాలుగింతలు. నాలుగూ కలిపితే మహాయుగం 43,20,000 సంవత్సరాలు. అటువంటి వెయ్యి మహాయుగాలు బ్రహ్మకు ఒక పగలు, అంటే 432 కోట్ల సంవత్సరాలు. దానికే కల్పమని పేరు. ఆ పగటిలో పద్నాలుగు మన్వంతరాలు ఉండగా ఇప్పుడు నడుస్తున్న వైవస్వతం ఏడవది, అందులోనూ ఇది 28వ మహాయుగం. క్రీ.పూ. 3102లో కలియుగం మొదలైందన్న సంప్రదాయ గణనను కూడా కలుపుకుంటే, ఈ కల్పంలో ఇప్పటికి సుమారు 197 కోట్ల 29 లక్షల సంవత్సరాలు గడిచినట్టు తేలుతుంది.

ఇక్కడే మొదటి గుంట ఉంది. కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు సున్నపురాళ్లలో స్ట్రొమటొలైట్లు అనే పొరల శిలాజాలు కనబడతాయి. సూక్ష్మజీవుల చాపల మీద బురద పేరుకుని రాయిగా మారగా ఏర్పడిన ఆ పొరలు దాదాపు 190 కోట్ల సంవత్సరాల కిందటివని భూగర్భ శాస్త్రం చెబుతున్నది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన కనబడగానే మా మిద్దె మీద ఒకరు లేచి నిలబడి, ఋషులకు ఇదంతా ముందే తెలుసునని ప్రకటించారు. ఆ పూట చర్చ అంతటితో చెడిపోయింది. వేంపల్లె రాళ్ల వయస్సు భూమి వయస్సు కాదు. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలు, విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. యుగాల అంకెలు వేరే అవసరం నుంచి పుట్టాయి. గ్రహాలన్నీ పూర్ణసంఖ్యలో ప్రదక్షిణలు ముగించే ఒక పెద్ద కాలపరిమాణం సిద్ధాంత గ్రంథాల జ్యోతిష్కులకు కావలసి వచ్చింది, మహాయుగమూ కల్పమూ వారికి ఆ పనికి వచ్చాయి. పైగా వారందరిదీ ఒకే లెక్క కాదు. 499 నాటి గణనను ఆధారం చేసుకున్న ఆర్యభటుడు నాలుగు యుగాలనూ సమానంగా, ఒక్కొక్కటి 10,80,000 సంవత్సరాలుగా తీసుకున్నాడు. మన్వంతరానికి 71 బదులు 72 మహాయుగాలని అన్నాడు. అందుకు బ్రహ్మగుప్తుడు అతనిని తప్పుపట్టాడు. అంకెల పోలిక చూసి సంబరపడేవారు తరువాతి పేజీలో కలవని అంకె ఎదురైనప్పుడు ఏమంటారో ముందుగానే ఆలోచించుకోవాలి. మతగ్రంథపు అంకెనూ శాస్త్రపు అంకెనూ నోటుపుస్తకంలో ఎదురెదురు పేజీల్లో రాయండి, ఒకే వరుసలో మాత్రం రాయకండి.

అందరినీ అడగవలసిన ప్రశ్నలు

ప్రతి దర్శనం దగ్గరకూ ఒకే రకమైన ప్రశ్నలతో వెళ్లాలి. లేకపోతే ఒకదానిలో కవిత్వాన్నీ, మరొకదానిలో తర్కాన్నీ ఏరుకుని, తూకం సరిగ్గా లేని త్రాసుతో బేరం చేసినట్టు అవుతుంది. విశ్వానికి మొదలున్నదా, దాన్ని ఎవరైనా చేశారా, అది దేనితో అయింది, అందులో మనిషికి మాత్రమే సాధ్యమయ్యేది ఏమైనా ఉన్నదా అన్నవి అందరూ అడిగేవే. నేను వీటికి మరొకటి చేర్చి, దానికే ఎక్కువ స్థలం వదులుతాను: ఇదంతా నిజమైతే రేపు తెల్లవారి లేచి నేను ఏం చేయాలి? ఈ చివరి ప్రశ్నకు సమాధానం దొరకలేదంటే ఆ దర్శనాన్ని మనం ఇంకా చదవలేదనే అర్థం.

కొన్ని దర్శనాలు ప్రశ్నకే జవాబివ్వవు, అదీ ఒక జవాబే. లోకం శాశ్వతమా కాదా, అంతమున్నదా లేదా అని మాలుంక్యపుత్రుడు పట్టుబట్టినప్పుడు బుద్ధుడు విషపు బాణం తగిలిన మనిషి కథ చెప్పాడు. బాణం వేసినవాడి కులమేమిటో, రంగేమిటో, వింటినారి దేనితో పేనారో తెలిసేదాకా బాణం తీయనివ్వనని ఆ మనిషి అంటే అతడు తెలుసుకోకుండానే చచ్చిపోతాడు. అలాగని బౌద్ధంలో మనిషి స్థానం చిన్నది అనుకోకూడదు. నూరేళ్లకొకసారి సముద్రం పైకి వచ్చే గుడ్డి తాబేలు, అలల మీద తేలుతున్న ఒంటి రంధ్రపు కాడిలో తల దూర్చడం ఎంత అరుదో, మనిషి జన్మ దొరకడం అంత అరుదని కూడా ఆ సంప్రదాయమే చెబుతుంది. విశ్వం కొలతను పక్కనబెట్టి జన్మ అరుదుతనాన్ని మాత్రం అంత గట్టిగా చెప్పడం ఎందుకో ఆలోచిస్తే, నేను చేర్చిన చివరి ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.

ఎదుటివారు తల ఊపేలా రాయడం

గుత్తికి సమీపంలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలు ఉన్నాయి. వాటిలోని లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కాబట్టి లిపి తెలిసినవారు కూడా అక్కడ తడబడతారు. మనకు కావలసినది పెద్ద శాసనాలలో పన్నెండవది. సందర్భం లేకుండా తన మతాన్ని పొగడవద్దు, ఇతరుల మతాన్ని తక్కువ చేయవద్దు, మాటను అదుపులో ఉంచుకోవాలి, ఒకరి ధర్మాన్ని మరొకరు వినాలి అని దాని సారాంశం. రెండు వేల రెండు వందల ఏళ్లకు పైగా మన పొలాల మధ్య నిలబడి ఉన్న ఆ నియమాన్నే మేము మిద్దె మీద మొదటి నియమంగా పెట్టుకున్నాము.

దాన్ని ఆచరణలో పెట్టే ఉపాయం మన శాస్త్ర సంప్రదాయంలోనే ఉన్నది, దాని పేరు పూర్వపక్షం. ఖండించబోయే వాదాన్ని ముందుగా, దాని పక్షం వారు చెప్పుకునేంత బలంగా చెప్పాలి. పద్నాలుగవ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహం, ప్రత్యక్షంగా కనబడేదాన్నే నమ్మే చార్వాకంతో మొదలుపెట్టి బౌద్ధం, జైనం మీదుగా ఒక్కొక్క దర్శనాన్నే దాటుకుంటూ అద్వైతానికి చేరుతుంది. గ్రంథకర్త అద్వైతి అయినా ముందరి దర్శనాలను వాటి మాటల్లోనే నిలబెట్టడానికి ప్రయత్నించాడు. కాబట్టి నోటుపుస్తకంలో ప్రతి దర్శనానికీ ఒక పేజీ కేటాయించి, ఆ పేజీని ఆ దర్శనాన్ని నమ్మే ఒకరికి చదివి వినిపించండి. వారు "మేమనేది ఇదే" అన్న తరువాతనే మీ అభిప్రాయాన్ని వెనుక పేజీలో రాయండి. చార్వాకులు ఇప్పుడు దొరకరు గదా అని మా బృందంలో ఒకరు అడిగారు. వారు చెప్పిన పోలిక మాత్రం మన ఇంటి తాంబూలంలోనే దొరుకుతుంది. ఆకులోను, వక్కలోను, సున్నంలోను విడివిడిగా లేని ఎరుపు మూడూ కలిసి నమిలినప్పుడు పుట్టినట్టే, భూమి, నీరు, నిప్పు, గాలి కలిసిన శరీరంలో చైతన్యం పుడుతుందని వారి వాదం. ఐదవ భూతమైన ఆకాశాన్ని వారు లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే అది ప్రత్యక్షానికి అందదు.

సీమలో తిరుగుతూ చదవడం

గ్రంథాలను ఒక్కచోట కూర్చుని చదవడం కంటే, ఆ గ్రంథాలకు సంబంధమున్న స్థలాలకు వెళ్లి చదవడం మంచిదని నా అభిప్రాయం. ఈ విషయంలో ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల వారికి ఉన్న సౌకర్యం చాలామందికి లేదు. ప్రయాణ ఖర్చు బస్సు చార్జీలకు మించదు.

గుంతకల్లు నుంచి అనంతపురం జిల్లా వజ్రకరూరు మండలంలోని కొనకొండ్లకు వెళ్లండి. జైన ఆచార్యుడు కుందకుందుని పేరు ఈ ఊరి పాత పేరైన కొండకుంద నుంచే వచ్చిందని సంప్రదాయం. గుట్ట మీది తీర్థంకర శిల్పాల దగ్గర కూర్చుని ఆయన రాసిన పంచాస్తికాయం అనే గ్రంథపు సారాన్ని చదివితే, సృష్టికర్త లేని విశ్వం ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. జైనుల దృష్టిలో లోకాన్ని ఎవరూ చేయలేదు, అది ఎప్పుడూ లేకుండా పోదు. కాలచక్రం పైకీ కిందికీ తిరుగుతూ ఉంటుంది, అంతే. జీవం, పుద్గలం అనే జడపదార్థం, ధర్మం, అధర్మం, ఆకాశం అనే ఐదు అస్తికాయాలకు, అంటే విస్తరించి ఉండే తత్త్వాలకు, కాలాన్ని చేర్చితే ఆరు ద్రవ్యాలు. ఇందులో ధర్మం అంటే పుణ్యం కాదు, అధర్మం అంటే పాపం కాదు. చేప కదలడానికి నీరు తోడ్పడినట్టు కదలికకు తోడ్పడేది ధర్మం. బాటసారి ఆగడానికి చెట్టునీడ తోడ్పడినట్టు నిలకడకు తోడ్పడేది అధర్మం. ఈ రెండు మాటలను మామూలు అర్థంలో తీసుకుని నేను మొదటిసారి రాసిన పేజీ మొత్తాన్ని కొట్టివేయవలసి వచ్చింది. ఇక మనిషి స్థానం విషయానికి వస్తే, దేవతలు సుఖంలో మనకంటే ఎంత పైన ఉన్నా వారికి మోక్షం లేదు. దాని కోసం వారు కూడా మనిషిగా పుట్టవలసిందే. అంత పెద్ద లోకంలో మనుషులుండే చోటు రెండున్నర ద్వీపాలు మాత్రమే. రేపు తెల్లవారి ఏం చేయాలన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు కాలి కింద ఉంటుంది: చూసి అడుగు వేయాలి, ఎందుకంటే అక్కడా జీవమున్నది.

వేదాంతం మూడు శాఖలకూ మూడు స్థలాలు మన దగ్గరే ఉన్నాయి. పెన్న ఒడ్డున పుష్పగిరిలో అద్వైత పీఠం ఉన్నది. అహోబిలం విశిష్టాద్వైత మఠానికి పుట్టినిల్లు. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి ద్వైత సంప్రదాయానికి చెందినవారు. మూడు చోట్లా ఒకే ఉపనిషత్తులను ప్రమాణంగా తీసుకుని మూడు వేరు విశ్వాలు కట్టారు. పుష్పగిరిలో జగత్తు వ్యవహారంలో ఉన్నదే కాని పరమార్థంలో నిలిచేది బ్రహ్మమొక్కటే. అహోబిలంలో జగత్తూ జీవులూ బ్రహ్మానికి శరీరం. శరీరం నిజమే, కాని శరీరి లేనిదే దానికి మనుగడ లేదు. మంత్రాలయంలో జగత్తు నిజం, భేదం నిజం. ఈశ్వరునికీ జీవునికీ, ఈశ్వరునికీ జడానికీ, జీవునికీ జీవునికీ, జీవునికీ జడానికీ, జడానికీ జడానికీ అని ఆ భేదాలను ఐదుగా లెక్కపెట్టి చెబుతారు. ఈ మూడింటినీ ఒకే నెలలో చదవవద్దు. మేము అట్లా చదివి, చివరకు ఎవరి మాట ఎవరిదో చెప్పలేని స్థితికి వచ్చాము. ఒక్కొక్కదానికి రెండేసి నెలలు ఇవ్వండి.

ఇంకా దగ్గరలో, తాళ్లపాక అన్నమయ్య మనిషి స్థానాన్ని చెప్పడానికి లోకాల కొలతల జోలికే పోలేదు. రాజు నిద్రించే నిద్ర, అతని అండనే బంటు నిద్రించే నిద్ర ఒకటేనని ఆయన పాడాడు. ఈ సంకీర్తన అందరికీ నోటికి వస్తుంది కాబట్టి దీన్ని మొదటి సమావేశానికి పెట్టుకోవచ్చు.

కడప పెద్ద దర్గాకు వెళ్లినప్పుడు ఖురాన్‌లోని రెండు చోట్లను గుర్తుపెట్టుకోండి. రెండవ సూరా 30వ వాక్యంలో దేవుడు భూమి మీద ఒక ఖలీఫాను, అంటే ప్రతినిధిని నియమిస్తానంటాడు. అక్కడ రక్తం చిందించేవాడినా నియమించేది అని దేవదూతలు అడుగుతారు. 33వ సూరా 72వ వాక్యంలో ఒక అమానతును, అప్పగింతను, ఆకాశాలకూ భూమికీ కొండలకూ ఇవ్వజూపితే అవి భయపడి వద్దన్నాయని, మనిషి దాన్ని నెత్తిన వేసుకున్నాడని, అతడు అన్యాయపరుడు, అజ్ఞాని అని ఉన్నది. నేను చదివిన చిరునామాలన్నింటిలో ఇంత గౌరవాన్నీ ఇంత మందలింపునూ ఒకే వాక్యంలో పెట్టినది మరొకటి లేదు. అమానతు అన్న మాట మన పల్లెల్లో బంగారం దాచిపెట్టమని ఇచ్చే సందర్భాలలో ఇప్పటికీ వినిపిస్తుంది; అర్థం తెలుసుకోవడానికి నిఘంటువు అవసరం లేదు.

బైబిలులో కూడా ఇటువంటి జంటే ఉన్నది. ఆదికాండం మొదటి అధ్యాయంలో మనిషి దేవుని పోలికలో చేయబడి, సమస్త జీవుల మీద ఏలుబడి పొందుతాడు. రెండవ అధ్యాయంలో మాత్రం తోటను సేద్యం చేయడానికీ కాయడానికీ అక్కడ ఉంచబడతాడు. ఏలికకూ తోటకాపరికీ ఉన్న దూరాన్ని వేరుశనగ పండించే రైతులకు వివరించవలసిన పని లేదు. ఎనిమిదవ కీర్తన ఆకాశాన్నీ చంద్రనక్షత్రాలనూ చూసి, వీటి ముందు మనిషి ఏపాటివాడని అడుగుతుంది, ఆ వెంటనే అతనికి కిరీటం పెడుతుంది. విశ్వాన్ని చేయకముందు దేవుడేం చేస్తున్నాడన్న ప్రశ్నకు తొలినాటి క్రైస్తవ ఆచార్యుడు అగస్టీన్ చెప్పిన సమాధానాన్ని కూడా ఇక్కడే రాసుకోవాలి: కాలం కూడా సృష్టితో పాటే పుట్టింది కాబట్టి ముందు అన్న మాటకే అక్కడ చోటు లేదు.

కదిరి దగ్గరి కటారుపల్లెలో వేమన సమాధి ఉన్నది. ఆయన పద్యాలు కావలసినవారు కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి వెళ్లవచ్చు. 1829లో వాటిని అచ్చు వేయించిన బ్రౌన్ ఒకప్పుడు నివసించిన చోటే అది. వేమన పద్యాలతో పాటు మన ప్రాంతపు అచల సంప్రదాయాన్ని కూడా చదవాలి. పట్టణాల్లోని పుస్తకాల దుకాణాల్లో దీనికి స్థానం తక్కువ గాని, పల్లెల్లో తత్త్వాలు పాడే పెద్దలకు ఇది బాగా తెలుసు. వారి దృష్టిలో నిజమైనది పరిపూర్ణమైన బయలు. జీవుడు, ఈశ్వరుడు, జగత్తు అని మనకు తోచేదంతా ఎరుక, ఆ ఎరుక నిలిచేది కాదు. అద్వైతంలో చైతన్యాన్నే పరమసత్యమంటారు గదా, అచలంలో ఎరుకనే కల్ల అంటున్నారే అన్న సందేహం వస్తే, మీరు సరైన చోట ఆగినట్టే. దాన్ని పుస్తకంలో వెతకకుండా తత్త్వాలు పాడేవారినే అడగండి.

ఒకే మాట, వేరు అర్థాలు

నోటుపుస్తకం చివరి పేజీలను మాటల కోసం వదిలిపెట్టండి. ధర్మం సంగతి పైన చెప్పాను. శూన్యం అన్న మాటకు బౌద్ధ మాధ్యమికంలో స్వతస్సిద్ధమైన స్వభావం లేకపోవడమని అర్థం. దాన్ని ఖాళీ అని రాస్తే ఆ శాఖకు మూలపురుషుడైన నాగార్జునుని మీద అన్యాయమైన నింద మోపినట్టవుతుంది. లోకం, ఆత్మ, మాయ అన్నవీ ఇట్లాగే చోటుకొక అర్థం తెచ్చుకున్నాయి.

ఇందుకు దగ్గరలోనే రెండవ గుంట ఉన్నది, ఇది మొదటి దాని కంటే లోతైనది. ఎవరైనా మర్యాదగా, "అన్నీ చెప్పేది ఒకటే" అని తేల్చివేస్తారు. జైనం సృష్టికర్త లేడంటుంది, ఇస్లాం సృష్టికర్త ఒక్కడే అంటుంది. ఈ రెండూ ఒకటే అన్నామంటే రెండింటినీ వినలేదన్నమాట. ఒకే సంప్రదాయం లోపల కూడా జవాబులు వేరుగా ఉంటాయి. ఋగ్వేదం పదవ మండలంలోని 129వ సూక్తం, ఏడే ఋక్కుల నాసదీయం, తొలుత చీకటిని కప్పిన చీకటి ఉండేదని చెప్పి, ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో పరమవ్యోమంలోని అధ్యక్షునికి తెలుసు, లేదా అతనికీ తెలియదేమో అని ఆగుతుంది. మన పిల్లలకు నేర్పే గజేంద్రమోక్షంలో పోతన అదే చీకటి దగ్గర నిలబడతాడు. లోకాలు, లోకాలను ఏలేవారు, లోకాలలో ఉండేవారు అంతా అంతరించిన తుదిని, ఆ పెంజీకటికి అవతల ఒక్కడే వెలుగుతున్నాడని అంటాడు, అతనిని సేవిస్తానంటాడు. సూక్తం సందేహం దగ్గర ఆగింది, పద్యం సందేహాన్ని దాటి శరణాగతికి వెళ్లింది. రెండూ పూజా మందిరంలో పక్కపక్కనే ఉన్నాయని రెండింటినీ కలిపేయకూడదు.

మిద్దె మీద కూర్చునేటప్పుడు

ఆరుగురు నుంచి ఎనిమిది మంది చాలు. అంతకు మించితే ఉపన్యాసం అవుతుంది. అమావాస్యకు అటూ ఇటూ మూడు రోజులలో, ఎనిమిదిన్నర ప్రాంతంలో కూర్చుని పది గంటలకు లేవాలి. మార్గశిరం నుంచి ఫాల్గుణం దాకా మన ఆకాశం తేటగా ఉంటుంది, దోమలు కూడా తక్కువ. వైశాఖంలో బండలు రాత్రి తొమ్మిదికి కూడా కాళ్లను కాలుస్తాయి. వీధి దీపం కనబడని వైపు తిరిగి కూర్చుని, సెల్‌ఫోన్లను కింద ఇంట్లోనే వదిలి, మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా పైకి చూడాలి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి అంత సమయం ఎట్లాగూ పడుతుంది. పల్లె నుంచి వచ్చినవారు ఎవరైనా ఉంటే గొర్రుకొయ్యలనే మూడు చుక్కల వరుసనూ పిల్లలకోడినీ వారితోనే చూపించండి. పుస్తకాల్లో కృత్తికలని ఉండే ఆ పిల్లలకోడి వెలుగు మన దగ్గరకు రావడానికి దాదాపు 440 సంవత్సరాలు పడుతుంది. ఈ రాత్రి మన కంట్లో పడుతున్న వెలుగు బయలుదేరినప్పుడు విజయనగర రాజులు పెనుకొండ నుంచి పాలిస్తున్నారు. శాస్త్రం ఇచ్చే చిరునామాను చెప్పడానికి ఇంతకంటే పెద్ద అంకె అక్కరలేదు. ఆ చిరునామాలో మనిషికి మధ్యస్థానం లేదు, చేయవలసిన పని కూడా రాసి లేదు. ఖాళీగా ఉన్న ఆ వరుసను ఎవరికి వారు ఏమని నింపుతారో విని, దాన్ని కూడా ఒక దర్శనంగానే పేజీలో రాయాలి.

తరువాత ఒకరు ఆ నెల దర్శనపు పేజీని చదువుతారు. వినేవారు మొదటి అరగంట అర్థం కాని చోట్లను మాత్రమే అడగాలి, ఖండన చేయకూడదు. ఆ మతానికి చెందినవారు వచ్చి ఉంటే చివరి మాట వారిది. ఎవరైనా కోపంతో లేచిపోతే మరుసటి రోజు వారి ఇంటికి వెళ్లి, వారు చెప్పదలచుకున్నది రాసుకుని తీసుకురావాలి. మా బృందంలో ఈ పని రెండుసార్లు చేయవలసి వచ్చింది, రెండుసార్లూ మా పేజీలోనే తప్పు దొరికింది. టీ, బొరుగులు చర్చ ముగిసిన తరువాతనే ఇవ్వండి. మధ్యలో ఇస్తే ఎవరు ఏం మాట్లాడుతున్నారో వినబడదు.

ఏడాది చివరి సమావేశానికి ఎవరూ దర్శనాన్ని చదవరు. మొదటి పేజీలో రాసుకున్న చిరునామాను ప్రతివారూ తిరిగి, ఈసారి తెలుగులో, తమ మాటల్లో రాసుకుని రావాలి. పాత పేజీని చింపకుండా దాని పక్కనే కొత్తదాన్ని అతికించి, తిథీ తేదీ రెండూ వేసి, దిక్కులను మరొకసారి సరిచూసుకోవాలి. నిరుడు మా మేనమామ తెచ్చిన కాగితంలో కల్పమూ లేదు, మన్వంతరమూ లేదు; శ్రీశైలానికి దక్షిణాన, పెన్నకు ఈ గట్టున, గొర్రుకొయ్యలు నడినెత్తికి వచ్చే మాఘమాసంలో, పలానా వారి కొడుకు, అని ఉన్నది. కింద చేయవలసిన పని అన్న చోట, బావి పూడిక తీయాలి అని రాశాడు.